పొద్దుగూకేవేళ పిలుపు: ఉత్తర తెలంగాణలో ఆలస్యపు విశ్వాసం, ఉజ్జీవం గురించి కొన్ని ప్రశ్నలు

క్రైస్తవంలోకి వచ్చిన దళితుణ్ణి చూసి మన సమాజం మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "వాళ్లేం ఇచ్చిండ్రు?" నూటయాభై ఏళ్లుగా ప్రశ్న మారలేదు, జవాబులే మారుతున్నాయి. ఒకప్పుడు కరువు గంజి అన్నారు. తర్వాత పాలపిండి, గోధుమరవ్వ అన్నారు. ఇప్పుడు విదేశీ డబ్బు అంటున్నారు. అరవై ఏళ్లకు బాప్తిస్మం తీసుకున్న మనిషి దగ్గిరికి వచ్చేసరికి ఈ జవాబులేవీ అతకవు. ఆ వయసులో అతనికి మిషన్ బడి అక్కర్లేదు, హాస్టల్ సీటు అక్కర్లేదు, ఆస్పత్రిలో ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. అప్పుడు ఇంకో జవాబు తయారవుతుంది: "చావు భయం." హిందూత్వవాది, హేతువాది, విప్లవకారుడు, ఒక్కోసారి దళిత ఉద్యమకారుడు కూడా ఈ జవాబు దగ్గిర ఒక్కటవుతారు.

ఈ ఆరోపణ నుంచి మేమూ తప్పించుకోలేం. మాలో ఒకరి బాపు సింగరేణిలో బొగ్గు నింపిన మనిషి. కరీంనగర్ జిల్లాలో ఒక మాదిగవాడ నుంచి గోదావరిఖనికి బతకపోయినవాడు. సికాస రోజుల్లో సమ్మెల్లో తిరిగాడు, అంబేడ్కర్ జయంతికి చందాలు వసూలు చేశాడు. రిటైరైన రెండేళ్లకు, 2011లో, క్వార్టర్ల వెనక ఉన్న ఒక చిన్న ప్రార్థన మందిరంలో బాప్తిస్మం తీసుకున్నాడు. యూనివర్సిటీలో చదువుకుంటున్న కొడుక్కి కోపం వచ్చింది. "ఇన్నేండ్ల పోరాటం చేసి ఇప్పుడు గిదేంది బాపూ?" అని అడిగాడు. ఆయన చెప్పింది రెండు ముక్కలు: "మందిల అందరం ఒక్క సాప మీద కూసుంటున్నం బిడ్డా. గది మీ సదువుల లేదా?"

ఆ ప్రశ్నకు మా చదువులో జవాబు ఉందా అని వెతకడమే ఈ వ్యాసం పని. తెలుగు ప్రాంతపు దళిత క్రైస్తవుల గురించి వచ్చిన కొన్ని ముఖ్యమైన పుస్తకాలను కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవం పక్కన పెట్టి చదివితే ఏం కనిపిస్తుంది? ఆలస్యంగా వచ్చిన విశ్వాసిని ఇవి ఎవరిగా చూపించాయి? అతను సంఘం నుంచి కోరుకునే మార్పు వీటిలో ఎక్కడైనా నమోదైందా?

1. మొదలుపెట్టింది నడివయసు వాళ్లే

తెలుగు దళిత క్రైస్తవ చరిత్రను మిషనరీ రాకతో మొదలుపెట్టడం ఆనవాయితీ. కాని ఆ చరిత్ర మొదటి పేజీలో ఉన్న ఇద్దరినీ గమనించండి. కృష్ణా జిల్లా రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకునేనాటికి యవ్వనం దాటిన మనిషి. మిషనరీ డార్లింగ్‌ను కలవడానికి ఎన్నో ఏళ్ల ముందే విగ్రహాలను వదిలేసి, కంటికి కనబడని పెద్ద దేవుణ్ణి మొక్కుతూ ఉన్నవాడు. ఒంగోలు ప్రాంతపు మాదిగ, తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకు ముందు రాజయోగ గురువుల దగ్గిర ఏళ్ల తరబడి సాధన చేశాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో ఈ సాధన సంగతులు చాలానే ఉన్నాయి.

అంటే ఇద్దరూ వెతుకుతూ వచ్చినవాళ్లు. మిషన్ వాళ్లను కనిపెట్టలేదు, వాళ్లే మిషన్‌ను కనిపెట్టారు. అయినా మిషన్ రిపోర్టుల్లో వాళ్లు 'తొలి ఫలాలు' అయిపోయారు. పండించినవాడు వేరే ఉన్నాడన్నమాట.

గంజి ఆరోపణకు కూడా ఇక్కడే ఒక జవాబు ఉంది. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు సాయం జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి అయిపోయాక వచ్చినవాళ్లను గంజి కోసం వచ్చారనడం ఎట్లా కుదురుతుంది? ఇంకో సంగతి కూడా ఉంది. మనిషిని నీళ్లలోకి దింపాలా వద్దా అన్న నిర్ణయం ఆరోజు అడిగినవాడి చేతిలో లేదు. తన నిజాయితీని రుజువు చేసుకునేదాకా వాడు ఆగాలి. ఆ ఆగడం ఇప్పటికీ తీరలేదు.

2. కొలిచినవాళ్లు, కొలతలు

1933లో జె. డబ్ల్యు. పికెట్ భారతదేశంలోని సామూహిక మతమార్పిడుల మీద పెద్ద పుస్తకం రాశాడు. మతం మారినవాళ్లను కారణాలు అడిగి, వచ్చిన జవాబులను నాలుగు గంపల్లో వేశాడు: ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చినవి. ఏ కారణంతో వచ్చారన్నదానికంటే వచ్చాక సంఘం వాళ్లను ఎట్లా చూసుకుందన్నదే ముఖ్యమని తేల్చాడు. ఆ రోజుల్లో ఇది ధైర్యమైన మాటే. దీనికి మేం అతన్ని మెచ్చుకుంటాం. కాని ఆ గంపల విభజనే మాకు అభ్యంతరం. దొర ముందు చెప్పులు చేతబట్టుకుని నడవనక్కర్లేని బతుకు కావాలనుకోవడం ఏ గంపలోది? పికెట్ లెక్కలో అది 'సామాజికం'. వెట్టి చేసినవాడికి అదే ఆధ్యాత్మికం. దేవుడు తనను మనిషిగా చేశాడన్న నమ్మకానికీ, మనిషిగా నిలబడాలన్న కోరికకూ మధ్య గీత గీసింది పరిశోధకుడే. అట్లా వచ్చినవాడికి ఆ గీత అవసరం లేదు.

రెండో పుస్తకం మనకు దగ్గిరిది. పి. వై. లూక్, జాన్ కార్మన్ 1959లో మెదక్ డయాసిస్ పల్లెల్లో తిరిగి రాసిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' 1968లో వచ్చింది. మెదక్ పల్లెలకూ కరీంనగర్ పల్లెలకూ జిల్లా సరిహద్దే తప్ప పెద్ద తేడా లేదు. అదే వెస్లియన్ మిషన్, అదే నిజాం పాలన, అవే మాల, మాదిగ వాడలు. ఈ పుస్తకం గొప్పతనం ఏమిటంటే పల్లె క్రైస్తవుణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూసింది. ఆదివారం మందిరానికి పోతాడు, అమ్మవారు సోకితే పోచమ్మకు మొక్కుతాడు. ఒంటికి రెండు పేర్లు ఉంటాయి. రచయితలు దీన్ని వెక్కిరించలేదు. కాని వాళ్ల చూపు వెనక ఒక దిగులు ఉంది: క్రైస్తవం ఇంకా పూర్తిగా లోపలికి దిగలేదే అని. మా దృష్టిలో ఈ దిగులు తలకిందులుగా ఉంది. పోచమ్మ మాలమాదిగల తల్లే. ఆమెను వదలకపోవడం ఒక్కటే సగం విశ్వాసానికి గుర్తు అయితే, కులాన్ని వదలని సంఘాన్ని ఏమనాలి? మాల ఇళ్లకూ మాదిగ ఇళ్లకూ మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోని సంఘంలో లోపలికి దిగనిది పల్లెవాడి భక్తి ఒక్కటేనా?

మూడోది, కార్మన్, చిలుకూరి వసంతరావు కలిసి అదే పల్లెలకు తిరిగివెళ్లి రాసి 2014లో అచ్చువేసినది. 1959 నుంచి 2009 దాకా యాభై ఏళ్ల లెక్క. పుస్తకం పేరులోనే క్షీణత, ఉజ్జీవం అన్న రెండు మాటలూ ఉన్నాయి. క్షీణించింది పాత సి.ఎస్.ఐ. సంఘాలు. దానికి పెద్ద కారణం రిజర్వేషన్ల విధానమని పుస్తకం చెప్తుంది. ఉజ్జీవం కనిపించింది కొత్త స్వతంత్ర సంఘాల్లో. వీటిలోకి దళితులతో పాటు వేరే కులాల వాళ్లు కూడా వచ్చారు, ఎక్కువగా రోగం నయమైందన్న అనుభవంతో. తెలంగాణ పల్లె క్రైస్తవం గురించి ఇంత ఓపికగా రాసిన పుస్తకం మాకింకోటి తెలీదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. పోయినవాళ్లు, వచ్చినవాళ్లు అని రెండు కుప్పలు పోశారు గాని, రెండు కుప్పల్లోనూ ఉన్నది ఒక్కడే మనిషి కావచ్చు గదా? 1975లో రిజిస్టర్లోంచి పేరు తీయించుకున్నవాడే 2010లో రేకుల షెడ్డు మందిరంలో చాప మీద కూర్చుని ఉండొచ్చు. అతనికి ఇది మతమార్పిడి కాదు, ఇంటికి రావడం.

3. మా రెండు జిల్లాలు

కరీంనగర్‌కు వెస్లియన్ మిషన్ 1880లలో వచ్చింది. బడులు, ఆస్పత్రులు, వాడల్లో మందిరాలు పెట్టింది. పక్కన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆస్పత్రి ఈ మిషన్‌దే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలన్నీ అందులో కలిశాయి. 1978లో కరీంనగర్ వేరే డయాసిస్ అయింది. అదే 1978లో, సెప్టెంబర్ 7న, జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి రద్దు, బంజరు భూములు, కూలిరేట్లు అడిగిన ఆ పోరాటంలో ముందు నడిచింది వాడల జనమే. అదే జనం ఆదివారాలు మందిరంలోనూ ఉన్నారు. ఒక్క ఏడాదిలో ఒక్క జిల్లాలో జరిగిన ఈ రెండు సంగతులను కలిపి చదివిన వ్యాసం మాకు కనబడలేదు. సంఘ చరిత్రలో దొర ఉండడు. ఉద్యమ చరిత్రలో మందిరం ఉండదు. మాదిగవాడలో మాత్రం రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆదిలాబాద్ కథ ఇంకోరకం. ఇక్కడ కతోలిక సేవ 1962 నుంచి మహారాష్ట్రలోని చాందా కేంద్రంగా, కేరళ నుంచి వచ్చిన సి.ఎం.ఐ. గురువుల చేతుల్లో సాగింది. 1999లో మంచిర్యాల పీఠంగా ఆదిలాబాద్ సిరో మలబార్ మేత్రాసనం వేరుపడింది. బడులు, ఆస్పత్రుల మేలు ఎవరూ కాదనరు. కాని ప్రాణహిత ఒడ్డు దళితుడికి దొరికిన పూజావిధానం కేరళ నుంచి వచ్చిన వారసత్వం. తన డప్పుకు, తన పాటకు అందులో చోటెంత అని అతను అడిగితే అది కృతఘ్నత కాదు.

ఇదే చాందాలో, 1956 అక్టోబర్ 16న, నాగపూర్ తర్వాత రెండు రోజులకు, అంబేడ్కర్ మరోసారి బౌద్ధ దీక్ష ఇచ్చాడు. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్లు. హిందువుగా చావనని 1935లో యేవలాలో చెప్పి, ఇరవై ఒక్క ఏళ్లు ఆలోచించి, జీవితం చివర్లో మతం తీసుకున్నాడు. ఆయన నిర్ణయాన్ని చావు భయం అనే సాహసం ఎవరికీ లేదు. మరి సరిహద్దుకు ఇవతల బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషికి ఆ మర్యాద ఎందుకు ఇవ్వం? చదువుకున్నవాడు మతం మారితే తత్వం, చదువుకోనివాడు మారితే అమాయకత్వమా?

4. ఆలస్యం ఎవరిది?

ఇంత ఆలస్యంగా ఎందుకు అన్న ప్రశ్నకు పుస్తకాల్లో కంటే తహసీల్దారు ఆఫీసులో మంచి జవాబు దొరుకుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. మన దగ్గిర మతం మారిన షెడ్యూల్డ్ కులాల వాళ్లను బి.సి.-సి గ్రూపులో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022లో కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. 2024 నవంబర్లో సుప్రీంకోర్టు, విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని ఒక తీర్పులో అన్నది.

ఈ తీర్పు వచ్చినరోజు మాలో ఒకరికి నిద్ర పట్టలేదు. ఎందుకంటే బాపు ఆ మందిరానికి పోవడం 1990లలోనే మొదలైంది. బాప్తిస్మం మాత్రం 2011లో, చిన్న కొడుక్కి ఉద్యోగం వచ్చాక. మధ్యలో గడిచిన ఏళ్లు ఆయన మందిరంలో చివరి వరసలో కూర్చున్నాడు, ప్రభువు బల్ల దగ్గిరికి పిలిచినప్పుడు లేచి బయటికి వచ్చాడు. కొడుకు సర్టిఫికెట్ కోసం తండ్రి రొట్టె ముట్టలేదు. ఆయన కోపం కొడుకు మీద కాదు, దేవుడి మీద కాదు. "కులం పోలేదు గని కాయితం పోతదట" అని మాత్రం అనేవాడు. మతం మారినంత మాత్రాన ఊళ్లో ఆయన్ని ఎవరూ మాదిగోడు కాదనలేదు. ఆఫీసు ఒక్కటే అన్నది.

కాబట్టి ఆలస్యపు విశ్వాసం అని మనం అంటున్నదాంట్లో చాలాభాగం ఆలస్యపు బాప్తిస్మం. ఆ ఆలస్యాన్ని చట్టం తయారుచేసింది. దాన్ని పాత పాస్టర్లు పిరికితనం అన్నారు, కోర్టు మోసం అంటున్నది, పరిశోధకుడు క్షీణత అని రాసుకున్నాడు. పిల్లల తిండికీ తన దేవుడికీ మధ్య ఎంచుకోమంటే పిల్లలవైపు నిలబడి, తన వంతు వాయిదా వేసుకున్న మనిషికి ఈ మూడు మాటల్లో ఏదీ సరిపోదు.

బాపుకు ఇష్టమైన ఉపమానం ద్రాక్షతోట కూలీలది. యజమాని పొద్దున కొందర్ని, పొద్దుగూకే ముందు కొందర్ని పనికి పిలిచి, అందరికీ ఒకే కూలి ఇచ్చిన కథ. ప్రసంగాల్లో దీన్ని దేవుడి ఉదారతకు ఉదాహరణగా చెప్తారు. బాయిపని చేసిన ఆయన చదువు వేరు. "పొద్దంత అడ్డ మీద నిలవడ్డోని తప్పా, పిలువనోని తప్పా?" కరీంనగర్ అడ్డామీద పొద్దున్నే నిలబడే కూలీలను చూసినవాళ్లెవరికైనా ఈ ప్రశ్న అర్థమవుతుంది. వాళ్లు ఆలస్యంగా పనిలోకి దిగింది బద్ధకంతో కాదని ఆ కథలోనే ఉంది.

5. ఉజ్జీవం అంటే ఏమిటి?

మా జిల్లాల గోడల మీద 'ఉజ్జీవ కూటాలు' అన్న మాట కనబడని ఊరు లేదు. పెద్ద పందిరి, పెద్ద సౌండు, బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు. జనం పెరిగితే ఉజ్జీవం అయినట్టు. పాత సంఘాలు కూడా ఇప్పుడు ఇదే నేర్చుకున్నాయి. కాని ఆలస్యంగా వచ్చినవాళ్లు సంఘం బాగుపడాలంటే ఏం కావాలని అడుగుతున్నారో వింటే వేరే జాబితా వస్తుంది. మిషన్ నాడు వాడ కోసం కొన్న భూముల లెక్క చెప్పాలి. బొందలగడ్డలో మాలలకు ఒక పక్క, మాదిగలకు ఒక పక్క వద్దు. పాస్టరయ్యగారు వాడలో అన్నం తినాలి. మందిరం నింపేది ఆడవాళ్లయినప్పుడు కమిటీలో మగవాళ్లే ఎందుకుండాలి? బాపు ఒకసారి తన అత్తగారి ఊరి పాత సంఘంలో బొందలగడ్డ జాగా సంగతి అడిగాడు. "నీ పేరు రిజిస్టర్లో లేదు, నీకు ఓటు లేదు" అన్నారు. రిజిస్టర్లో ఎందుకు లేదో అందరికీ తెలుసు.

చాప మీద సమానత్వం కొత్తది కాదు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, చదువుకోసం విదేశానికి పోయి అక్కడ విశ్వాసంలోకి వచ్చి, 1932లో వాంకూవర్లో బాప్తిస్మం తీసుకున్న భక్త సింగ్ 1941లో మద్రాసులో, 1950లో హైదరాబాద్ హెబ్రోనులో సహవాసాలు పెట్టాడు. బల్లలు తీసేసి నేలమీద కూర్చోబెట్టాడు. ప్రేమవిందులో అందరినీ ఒకే పంక్తిలో తినిపించాడు. తెలుగు ప్రాంతపు స్వతంత్ర సంఘాల మీద ఆ ముద్ర ఉంది. పాత సంఘం ఇవ్వనిది అక్కడ దొరికిందని దళితులు వెళ్లడంలో వింత లేదు. అయితే కలిసి తిన్నంత తేలిగ్గా కులం పోలేదు. పెళ్లి సంబంధం దగ్గిర చాప మళ్లీ రెండు ముక్కలవుతుంది. పైగా చాలా స్వతంత్ర మందిరాల్లో భూమి, కానుక, పెత్తనం ఒక్క కుటుంబం చేతిలో ఉంటాయి. డయాసిస్‌లో లెక్క అడిగితే రిజిస్టర్ చూపిస్తారు. ఇక్కడ అడిగితే దైవజనుణ్ణి అడుగుతావా అంటారు.

అంబేడ్కర్ క్రైస్తవం మీద రాసిన వ్యాసాల్లో, 1989లో వెలువడిన ఆయన రచనల అయిదో సంపుటంలో, ఒక గట్టి ఆరోపణ ఉంది. మిషన్లు మతం ఇచ్చాయి గాని కులాన్ని వదిలించే పోరాటం చేయలేదని, మతం మారినవాళ్లు కూడా తమ అన్యాయాల మీద కదలలేదని దాని సారాంశం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు చంపబడ్డవాళ్లలో క్రైస్తవులున్నారు. సంఘ పెద్దల నోరు పెగలడానికి పట్టిన సమయం అంబేడ్కర్ మాటను రుజువు చేసింది. 1980ల నుంచి అరవింద్ నిర్మల్ వంటివాళ్లు నిర్మించిన దళిత వేదాంతం ఈ నోటికి మాట ఇవ్వాలని ప్రయత్నించింది. మెదక్ బిషప్ విక్టర్ ప్రేమ్‌సాగర్ లాంటి తెలంగాణ పెద్దలు అందులో భాగం పంచుకున్నారు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఇవి చిన్న విషయాలు కావు. కాని సెమినరీలో పుట్టిన మాట వాడ మందిరానికి చేరలేదు. ఇంగ్లీషులో ఉన్న విమోచనను బాపు ఎన్నడూ చదవలేదు. దాంట్లో ఉన్నదే ఆయన బొందలగడ్డ గురించి అడిగాడు.

6. చివరిగా

మేం చెప్పదలచుకున్నది ఇది. అవసరంతో వచ్చాడని దళిత విశ్వాసిని చిన్నబుచ్చే అలవాటు మానుకోవాలి. ఏ అవసరంతో వచ్చాడో అదే సంఘాన్ని కొలిచే కొలత కావాలి. కలిసి కూర్చోవడం కోసం వచ్చినవాడు కలిసి పూడ్చమని అడిగితే, అతని మాటకు ఉజ్జీవం అన్న పేరు పెట్టాలి. పొద్దుగూకేవేళ వచ్చిన కూలీకి ఒకే కూలి ఇవ్వడమంటే ఓటు, బొందలగడ్డ, భూమి లెక్క కూడా ఇవ్వడమే. పాత రిజిస్టర్ లేనందుకు వాటిని నిరాకరించే సంఘం ఎన్ని కూటాలు పెట్టినా పందిరి ఖర్చే మిగుల్తుంది.

పరిశోధకులుగా మా పని కూడా ఉంది. సంఘ రిజిస్టర్లోనూ, జనాభా లెక్కలోనూ లేని ఈ విశ్వాసులు చెప్పేది వాళ్ల భాషలోనే రాసుకోవాలి. పేర్లు బయటపెట్టకుండా రాసుకోవాలి, ఎందుకంటే పేరు బయటపడితే పోయేది వాళ్ల పిల్లల సర్టిఫికెట్. ఉద్యమంలో ఉన్నవాళ్లు మందిరాన్ని చూసి మొహం తిప్పుకోవడం మానాలి. 1950 ఉత్తర్వు మీద పోరాటం క్రైస్తవుల పనే అనుకోవడం కూడా మానాలి.

బాపు ఇప్పుడు లేడు. ఆయన్ని అత్తగారి ఊరి బొందలగడ్డలో పెట్టనివ్వలేదు. గోదావరి ఒడ్డున పెట్టాం. ఆ చిన్న మందిరంవాళ్లు చాపలు మోసుకుని వచ్చారు. మాలలు, మాదిగలు, ఇద్దరు ముగ్గురు పద్మశాలోళ్లు కలిసి ఇసుకలో కూర్చున్నారు. కొడుకు కూడా ఆ చాప మీదే కూర్చున్నాడు. ఆయన అడిగిన ప్రశ్నకు చదువులో ఇంకా జవాబు దొరకలేదు.